సింగపూర్ నుంచి మెలాకాకు: పుట్టినరోజు వారాంతాన్ని సరిహద్దులో పోగొట్టుకోకుండా వెళ్లిరావడం ఎలా?

సింగపూర్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "మావారి పుట్టినరోజు వస్తోంది. శని, ఆదివారాల్లో ఎక్కడికైనా తీసుకెళ్లాలని ఉంది. సెలవు దొరకదు, పిల్లలు చిన్నవాళ్లు. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?" అడిగేవాళ్లు మారుతుంటారు. ఒకసారి భార్య కోసం భర్త అడుగుతాడు, ఇంకోసారి ఒకే ఫ్లాటులో ఉండే కుర్రాళ్లు తమలో ఒకడి కోసం అడుగుతారు. నా జవాబు మాత్రం ఒక్కటే: మెలాకా వెళ్లండి. చిన్నప్పుడు మనం పాఠాల్లో మలక్కా అని చదువుకున్న ఊరే అది.

సింగపూర్ నుంచి దాదాపు 240 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే బస్సులో నాలుగు గంటలు. గడియారం మార్చుకునే పని లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 2023 డిసెంబరు 1 నుంచి మలేసియాలో 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఈ వెసులుబాటును 2026 చివరి దాకా పొడిగించారు. పాత ఊరంతా కాలినడకన చూసేయవచ్చు. ఇక్కడ ఎవరి వారాంతమైనా పాడైతే అందుకు కారణం ఊరు కాదు, సరిహద్దు. అందుకే ఈ వ్యాసంలో కేకు కంటే కాగితాల గురించి, గంటల గురించి ఎక్కువ చెబుతున్నాను. ఆ రెండూ సరిగ్గా ఉంటే మిగతాదంతా హాయిగా సాగిపోతుంది.

భారత పాస్‌పోర్టుతో, సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ పాస్, ఎస్ పాస్, డిపెండెంట్స్ పాస్ వంటి దీర్ఘకాలిక నివాస అనుమతులతో (పాస్‌లతో) ఉంటున్న వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- అందరి పాస్‌పోర్టులు, చంటిపిల్లలవి కూడా. ప్రయాణం రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.
- అందరి సింగపూర్ పాస్ కార్డులు.
- హోటల్ బుకింగ్ కాగితం, తిరుగు బస్సు టికెట్. ఈ రెండూ ఫోనులో ఉన్నా ఒక ప్రతి ప్రింటు తీసుకోండి.
- మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు. దీన్ని ఎండీఏసీ అంటారు. ఒక్కొక్కరికి ఒకటి కావాలి.
- మలేసియాలో పనిచేసే మొబైల్ డేటా. మీ ప్లానులో రోమింగ్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఈ-సిమ్ తీసుకోండి.
- కొంత రింగిట్ (మలేసియా కరెన్సీ) నగదు, చిన్న నోట్లలో.
- పలుచటి చలికోటు. బస్సుల్లో ఏసీ గడగడలాడిస్తుంది.

1. తేదీ ఖాయం చేసుకోండి

పుట్టినరోజు ఏ వారం పడితే ఆ వారమే బయలుదేరాలని పట్టు పట్టకండి. సోమవారమో శుక్రవారమో ప్రభుత్వ సెలవు కలిసివచ్చిన వారాంతంలో సరిహద్దు కిక్కిరిసిపోతుంది. సింగపూర్ బడులకు మార్చి, జూన్, సెప్టెంబరు నెలల్లోనూ, నవంబరు, డిసెంబరు నెలల్లోనూ సెలవులు ఉంటాయి. ఆ వారాల్లోనూ అదే పరిస్థితి. అలాంటి రోజుల్లో చెక్‌పోస్టు దాటడానికే రెండు మూడు గంటలు పట్టడం మామూలే. పుట్టినరోజు మనిషిని బస్సులో కూర్చోబెట్టి పండగ చేయలేం కదా. ఒక వారం ముందే వెళ్లి రండి.

తేదీకి ముందుగా పుట్టినరోజు చేసుకోకూడదని మీ ఇంట్లో పట్టింపు ఉంటే తర్వాతి వారం పెట్టుకోండి. పెద్దవాళ్ల పుట్టినరోజును తిథి ప్రకారం చేసే ఇళ్లలో మరో సౌకర్యం ఉంది. తేదీ, తిథి వేర్వేరు రోజుల్లో వస్తాయి కాబట్టి ఎంచుకోవడానికి రెండు వారాంతాలు దొరుకుతాయి.

2. పాస్‌పోర్టులను, పాస్‌లను బయటికి తీసి చూడండి

"ఉన్నాయిలే" అనుకోవద్దు. అన్నిటినీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఆగిపోయే ప్రయాణాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి.

మొదటిది, కొత్త పాస్‌పోర్టు. ఈ మధ్య పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకున్నారా? అయితే కొత్త నంబరును సింగపూర్ మానవ వనరుల శాఖ రికార్డుల్లో మార్పించారో లేదో చూసుకోండి. డిపెండెంట్స్ పాస్ ఉన్న భార్యాపిల్లల విషయంలో దీన్ని చాలామంది మరిచిపోతారు. సాధారణంగా ఈ పని కంపెనీ హెచ్ఆర్ విభాగం చేయాలి. మీరు చెబితే గాని వాళ్లకు తెలియదు. పాత నంబరే ఉంటే తిరిగి వచ్చేటప్పుడు ఆటోమేటిక్ గేటు తెరుచుకోదు, పక్కకు పిలిచి ప్రశ్నిస్తారు.

రెండోది, పాస్ గడువు. తిరిగి వచ్చే రోజున పాస్ చెల్లుబాటులో ఉండాలి. ఆ వారంలోనే గడువు ముగుస్తుంటే ముందు రెన్యువల్ పూర్తి చేయించుకోండి.

మూడోది, కొత్తగా వచ్చినవాళ్ల సంగతి. పాస్ ఇంకా జారీ కాలేదు, ఇన్-ప్రిన్సిపుల్ అప్రూవల్ (పాస్‌కు ముందస్తు ఆమోదం) లేఖ ఒక్కటే చేతిలో ఉందంటే దేశం దాటకండి. ఆ లేఖ సింగపూర్‌లోకి ఒక్కసారి రావడానికి ఇచ్చింది. మీరు దాన్ని ఇప్పటికే వాడేసుకున్నారు. పాస్ చేతికొచ్చాక వెళ్లవచ్చు, మెలాకా ఎక్కడికీ పోదు.

3. అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చి ఉంటే

"అత్తయ్యగారు వాళ్లు ఇక్కడే ఉన్నారు, వాళ్లనూ తీసుకెళ్తే సరదాగా ఉంటుంది" అంటారు. నిజమే. కానీ ఇక్కడ ఆగి ఒక్క సంగతి చూడండి: వాళ్ల సింగపూర్ వీసా ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిందా, పలుమార్లు రావడానికి ఇచ్చిందా? ఒక్కసారిదైతే మలేసియాలోకి వెళ్లగలరు గాని తిరిగి సింగపూర్‌లోకి రాలేరు. వీసా కాగితం మీద ఈ వివరం స్పష్టంగా ఉంటుంది.

పలుమార్ల వీసా ఉన్నా, తిరిగి వచ్చేటప్పుడు వాళ్లకు ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్ ఆన్‌లైన్ ప్రవేశ పత్రం) మళ్లీ నింపాలి. దీర్ఘకాలిక పాస్ ఉన్న మీకు రోడ్డు మార్గంలో అది అక్కర్లేదు కాబట్టి మీకు గుర్తు రాదు. వాళ్లకు మాత్రం తప్పనిసరి. వచ్చే తేదీకి మూడు రోజుల లోపు నింపాలి, రుసుము లేదు. ఇంకో మాట: చెక్‌పోస్టులో వాళ్లు మాన్యువల్ కౌంటరు దగ్గర నిలబడాల్సి వస్తే మీరు గేటు దాటి ముందుకు వెళ్లిపోకండి. ఇంగ్లీషులో అడిగే ప్రశ్నలకు తడబడే పెద్దవాళ్ల పక్కన ఒకరు ఉండి తీరాలి. భారత్‌కు తిరుగు విమాన టికెట్ ప్రతిని వాళ్ల పాస్‌పోర్టులోనే పెట్టి ఇవ్వండి.

4. ముందు గది, తర్వాత బస్సు

శనివారం రాత్రి మెలాకాలో గదులు త్వరగా నిండిపోతాయి. జోంకర్ వీధిలో శుక్ర, శని, ఆదివారాల సాయంత్రాలు రాత్రి బజారు జరుగుతుంది. దానికోసం కౌలాలంపూర్ నుంచి, సింగపూర్ నుంచి జనం వస్తారు. కాబట్టి గది ఖాయమయ్యాకే బస్సు టికెట్లు కొనండి.

ఎక్కడ తీసుకోవాలి? ఫోటోలు చూసి చాలామంది సరిగ్గా జోంకర్ వీధిలోనే గది తీసుకుంటారు. పాతకాలపు ఇళ్లను హోటళ్లుగా మార్చారు. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, నున్నటి పలకల నేల, నిటారైన చెక్క మెట్లు. ముచ్చటగా ఉంటాయి. కానీ బజారు వేళ ఆ వీధిలోకి కార్లు రావు. పిల్లల్ని ఎత్తుకుని, పెట్టెలు లాక్కుంటూ జనంలోంచి నడవాలి. రాత్రి పొద్దుపోయేదాకా సందడి తగ్గదు. లిఫ్టు ఉండని చోట్లూ ఉన్నాయి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే జోంకర్‌కు నది అవతలి ఒడ్డున, పది నిమిషాల నడకలో గది చూసుకోండి. ఇద్దరే వెళ్తుంటే మాత్రం ఆ పాత ఇళ్లలోనే ఉండమంటాను. అందులో ఉండే ఆనందం వేరు.

బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు సరిచూసుకోండి: చెక్-ఇన్ ఎన్ని గంటలకు, అంతకుముందే చేరితే సామాను పెట్టుకోనిస్తారా, ఉదయం ఫలహారంలో శాకాహారం ఉందా. విదేశీయుల నుంచి గదికి రాత్రికి 10 రింగిట్ల చొప్పున మలేసియా పర్యాటక పన్ను వసూలు చేస్తారు. చాలాసార్లు ఇది ఆన్‌లైన్ ధరలో కలిసి ఉండదు, హోటల్ కౌంటరులో కట్టాలి. ఎవరూ మోసం చేయడం లేదు, కంగారు పడకండి.

5. బస్సు టికెట్లు: వెళ్లే గంట కంటే వచ్చే గంట ముఖ్యం

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బయలుదేరాలని అందరికీ అనిపిస్తుంది. దేశంలో సగం మందికి అదే అనిపిస్తుంది కాబట్టి వద్దంటాను. శనివారం తెల్లవారుజామున దొరికే తొలి బస్సు ఎక్కండి. పిల్లలు బస్సులో పడుకుంటారు, మధ్యాహ్న భోజనానికి ఊళ్లో ఉంటారు.

తిరుగు ప్రయాణం ఆదివారం ఉదయం పది, పదకొండు మధ్య పెట్టుకోండి. "ఆదివారం సాయంత్రం దాకా ఉంటే ఇంకో పూట కలిసొస్తుంది" అన్నది ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఖరీదైన ఆలోచన. ఆదివారం సాయంత్రం మలేసియా వెళ్లిన వాళ్లంతా ఒకేసారి తిరిగొస్తారు. రాత్రి పన్నెండుకు ఇల్లు చేరి, సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తితే శనివారం పడిన సంతోషమంతా మరిచిపోతారు.

టికెట్ కొనేటప్పుడు బస్సు ఏ దారిన వెళ్తుందో అడగండి. సింగపూర్, మలేసియాల మధ్య రోడ్డు దారులు రెండు. 1924 నుంచి ఉన్న ఉడ్‌ల్యాండ్స్ కాజ్‌వే ఒకటి, 1998లో మొదలైన టువాస్ సెకండ్ లింక్ మరొకటి. మెలాకా వెళ్లడానికి టువాస్ దారి మేలు. ఉడ్‌ల్యాండ్స్‌తో పోలిస్తే రద్దీ తరచూ తక్కువగా ఉంటుంది, కాజ్‌వే దాటగానే వచ్చే జొహోర్ బారు ఊరి మధ్య నుంచి వెళ్లే పని ఉండదు. బస్సు సింగపూర్‌లో ఎక్కడ ఎక్కించుకుంటుందో కూడా చూసుకోండి. ఒక్కో సంస్థ ఒక్కో చోట నుంచి నడుపుతుంది. కొన్ని సంస్థలు ఆన్‌లైన్ టికెట్ ఉన్నా కౌంటరులో బోర్డింగ్ పాస్ తీసుకోమంటాయి. అందుకే అరగంట ముందే చేరండి.

సొంత కారు ఉన్నవాళ్లకు మూడు ముక్కల్లో చెబుతాను. మలేసియా వీఈపీ (విదేశీ వాహనాల ప్రవేశ అనుమతి) ట్యాగు లేకుండా వెళ్లకండి, 2025 జూలై నుంచి జరిమానా వేస్తున్నారు. సింగపూర్ దాటేటప్పుడు పెట్రోలు ట్యాంకు ముప్పాతిక వంతు నిండి ఉండాలి, ఇది సింగపూర్ నిబంధన. మలేసియా బంకుల్లో రాన్ 95 పెట్రోలు విదేశీ బండ్లకు పోయరు, రాన్ 97 పోయించుకోండి.

6. ఎండీఏసీ నింపడం

ఇది 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి. చేరే తేదీకి మూడు రోజుల లోపే నింపనిస్తుంది. శనివారం వెళ్తుంటే గురువారం రాత్రి భోజనాలయ్యాక కూర్చోండి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు చాలు.

*మొదటి జాగ్రత్త:* ఇది ఉచితం. మలేసియా ఇమిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైటులోనే నింపాలి. వెతికితే పైన కనిపించే కొన్ని సైట్లు అచ్చం అలాగే ఉండి డాలర్లలో రుసుము అడుగుతాయి. కార్డు నంబరు అడిగిందంటే అది అసలు సైటు కాదు, మూసేయండి. చిరునామాలో మలేసియా ప్రభుత్వపు గుర్తు (.gov.my) ఉందో లేదో చూసుకోండి.

*పేరు:* పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. మన ఇంటిపేర్లతోనే చిక్కంతా. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి పూర్తి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఆఫీసులో వాడే పేరు, బ్యాంకులో ఉన్న పేరు ఇక్కడ రాయకండి. ఇనీషియల్‌ను విడదీసి పూర్తిగా రాయకండి.

*ప్రయాణ మార్గం:* రోడ్డు మార్గం అని ఎంచుకోండి. చివరిగా బయలుదేరిన చోటు సింగపూర్, భారత్ కాదు. జాతీయత దగ్గర మాత్రం భారత్. ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్లు ఎక్కువ.

*చిరునామా:* హోటల్ చిరునామా, రాష్ట్రం మెలాకా. పోస్టు కోడ్ హోటల్ బుకింగ్ కాగితం మీదే ఉంటుంది.

*తేదీలు:* ముందు రోజు, తర్వాత నెల, ఆ తర్వాత సంవత్సరం. అర్ధరాత్రి సరిహద్దు దాటే బస్సు ఎక్కితే చేరే తేదీ మర్నాటిది అవుతుంది.

నింపాక ఈమెయిల్‌కు నిర్ధారణ వస్తుంది. అది తెరిచి పాస్‌పోర్టు నంబరును ఒక్కో అంకె చొప్పున పోల్చి చూడండి. సున్నాకు బదులు ఓ అక్షరం పడిందేమో ప్రత్యేకంగా చూడండి. తప్పుంటే మళ్లీ నింపండి, దాన్ని చెక్‌పోస్టు దగ్గర సరిచేసుకుందామని వదిలేయకండి. ఒక ఎండీఏసీ ఒక్క ప్రవేశానికే పనికొస్తుంది, పోయిన నెల నింపింది ఈ నెల చెల్లదు.

ఇక్కడే సర్‌ప్రైజుల సంగతి చెప్పాలి. "మా ఆవిడకు తెలియకుండా తీసుకెళ్లాలి" అంటారు. సరిహద్దు దాటే ప్రయాణాన్ని దాచకండి. ఆమె పాస్‌పోర్టు కావాలి, పాస్ కావాలి, చెక్‌పోస్టులో ఆమెను అడిగితే ఎక్కడికి వెళ్తున్నారో ఆమే చెప్పాలి. "నాకు తెలియదు, మావారిని అడగండి" అన్న జవాబు అధికారికి నచ్చదు. ఊరి పేరు చెప్పేయండి. కేకును, పిలిచిన స్నేహితులను, ఇంటి నుంచి వచ్చే వీడియో కాల్‌ను దాచిపెట్టండి. అసలు సంతోషం వాటిలోనే ఉంది.

7. కేకు, భోజనం

సింగపూర్ నుంచి కేకు మోసుకెళ్లకండి. మలేసియా వైపు సామానంతా దించి స్కానింగ్‌కు పెట్టాలి, ఎండలో నిలబడాలి. అక్కడికి చేరేసరికి క్రీము కారిపోతుంది. మెలాకాలో బేకరీలకు కొదవ లేదు. వారం ముందే సందేశం పంపి ఆర్డరు ఇవ్వండి. గుడ్డు లేని కేకు కావాలంటే మాత్రం ఇంకా ముందుగా అడగాలి. అక్కడ అది అడిగిందే తడవుగా దొరికేది కాదు. గుడ్డుతో పాటు జెలటిన్ కూడా లేకుండా చేస్తారా అని విడిగా అడగండి. అక్కడి తాటిబెల్లాన్ని గులా మెలాకా అంటారు. దానితో చేసిన కేకు దొరికితే వదలకండి, మన తాటిబెల్లం రుచి తెలిసిన వాళ్లకు మొదటి ముక్కకే ఇల్లు గుర్తొస్తుంది.

*హెచ్చరిక:* హలాల్ ధ్రువపత్రం ఉన్న రెస్టారెంట్లలో బయటి ఆహారాన్ని చాలాచోట్ల అనుమతించరు. కేకు పట్టుకుని వెళ్లాక గుమ్మం దగ్గర ఆపేస్తే బాధగా ఉంటుంది. బల్ల బుక్ చేసేటప్పుడే కేకు తెచ్చుకోవచ్చా అని అడగండి. వద్దంటే గదిలోనో హోటల్ వసారాలోనో కోయండి. గదిలో అయితే నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తులు వద్దు, పొగను పసిగట్టే అలారం మోగుతుంది.

శాకాహారులకు ఒక మాట. మెలాకా పేరు మోసింది న్యోన్యా వంటకు, అంటే చైనా, మలయ్ రుచులు కలిసిన వంటకు. అందులో కూరగాయల వేపుడులో కూడా బెలచాన్ అనే ఎండురొయ్యల ముద్ద పడుతుంది. "మాంసం లేదు" అని వాళ్లు నిజమే చెబుతారు, రొయ్యల ముద్దను వాళ్లు మాంసంగా లెక్కపెట్టరు. కాబట్టి బెలచాన్ ఉందా, ఎండురొయ్యలు ఉన్నాయా అని ఆ పేర్లతోనే అడగండి. నిశ్చింతగా తినాలంటే మెలాకాలోని లిటిల్ ఇండియా వైపు వెళ్లండి, అరిటాకు భోజనం దొరుకుతుంది. చైనీయుల శాకాహార హోటళ్లూ ఉన్నాయి.

8. సరిహద్దు దాటే రోజు

బయలుదేరే ముందు సింగపూర్ భూ రవాణా సంస్థ వారి వన్‌మోటరింగ్ సైటులో ఉడ్‌ల్యాండ్స్, టువాస్ కెమెరా చిత్రాలు చూడండి. బస్సు బుక్ అయ్యాక మీరు మార్చగలిగేది పెద్దగా ఉండదు గాని, పిల్లలకు ఎంత తిండి, ఎన్ని నీళ్లు సర్దాలో తెలుస్తుంది.

బస్సు రెండుసార్లు ఆగుతుంది. మొదట సింగపూర్ చెక్‌పోస్టు: దిగి, గేటు దాటి, మళ్లీ అదే బస్సు ఎక్కాలి. తర్వాత మలేసియా వైపు: అక్కడ సామానంతా దించుకుని వెళ్లాలి. దిగే ముందు రెండు పనులు తప్పకుండా చేయండి. బస్సు నంబరు పలకకు ఫోటో తీయండి. అవతల ఏ వరుసలో ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో డ్రైవరును అడగండి. ఒకే రంగు బస్సులు అక్కడ అరడజను నిలబడి ఉంటాయి. ఆలస్యమైన వాళ్ల కోసం అన్ని బస్సులూ ఆగవు. మరుగుదొడ్డి పని ముందే చూసుకోండి, మధ్యలో ఒకరు వెనకబడితే అందరూ వెనకబడ్డట్టే.

సింగపూర్ వైపు క్యూఆర్ కోడ్ సౌకర్యం ఉందని పాస్‌పోర్టు ఇంట్లో వదిలి వెళ్లకండి. మలేసియా వైపు పాస్‌పోర్టు చూపాల్సిందే. మీ ప్రవేశం నమోదయ్యిందో లేదో, ఎన్ని రోజులు ఇచ్చారో కౌంటరు దగ్గరే చూసుకుని కదలండి. బస్సు తప్పిపోతే భయపడకండి. అదే సంస్థ తర్వాతి బస్సు డ్రైవరుకు టికెట్ చూపించి అడగండి, చోటుంటే ఎక్కించుకుంటారు.

9. శనివారం ఎలా గడపాలి

బస్సులు మెలాకా సెంట్రల్ అనే బస్‌స్టాండుకు చేరుతాయి. పాత ఊరికి అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు. గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోవడం సులువు. 17వ నంబరు సిటీ బస్సూ ఉంది.

మధ్యాహ్నం ఎండ మండిపోతుంది, ఊరు చూడటం మొదలుపెట్టకండి. భోజనం చేసి గదిలో నడుం వాల్చండి. నాలుగున్నరకు బయలుదేరి డచ్ స్క్వేర్ దగ్గర మొదలుపెట్టండి. పోర్చుగీసువారు 1511లో ఈ ఊరిని పట్టుకున్నారు, 1641లో డచ్చివారు వాళ్ల నుంచి లాక్కున్నారు. చౌకులోని ఎర్రటి భవనాలు డచ్చివారివి. అక్కడి క్రైస్ట్ చర్చి 1753 నాటిది. పోర్చుగీసు కోటలో మిగిలిన ద్వారం నడకదూరంలోనే ఉంది. పక్కనున్న సెయింట్ పాల్ కొండ ఎక్కితే జలసంధి కనిపిస్తుంది. పిల్లలు నడవలేమంటే త్రిషా (మూడు చక్రాల సైకిల్ రిక్షా) ఎక్కించండి. కార్టూను బొమ్మలు, పూలదండలు, తళుకుమనే దీపాలతో, చెవులు చిల్లులు పడేలా పాటలతో వస్తాయవి. ఎక్కే ముందే ధర, ఎంతసేపు తిప్పుతారు అన్నది మాట్లాడుకోండి.

చీకటి పడ్డాక నదిలో పడవ, ఆ తర్వాత జోంకర్ బజారు. ఇంతే చాలు. శనివారం ఒక్కరోజులో మ్యూజియాలన్నీ చూసేయాలని పట్టిక వేసుకోకండి. పుట్టినరోజు మనిషి ఎక్కడ ఆగుతానంటే అక్కడ ఆగండి.

10. అర్ధరాత్రి కేకు, ఇంటికి ఫోను

మెలాకా గడియారం మన దేశం కంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ పన్నెండు కొట్టేసరికి ఇంటి దగ్గర రాత్రి తొమ్మిదిన్నర. అమ్మానాన్నలు మెలకువగానే ఉంటారు, హాయిగా వీడియో కాల్‌లో కలుస్తారు. చిక్కంతా ఇంకోటి: మీరు చెప్పకపోతే వాళ్లు తమ పన్నెండు గంటలకు ఫోను చేస్తారు, అప్పుడు మీకు తెల్లవారుజామున రెండున్నర. కాబట్టి "రాత్రి తొమ్మిదిన్నరకు మేమే చేస్తాం" అని ఇంట్లో ముందే చెప్పండి. హోటల్ వైఫైని సాయంత్రమే ఒకసారి వీడియో కాల్ చేసి పరీక్షించుకోండి. మందపాటి గోడల పాత ఇళ్లలో గదిలోకి సిగ్నల్ సరిగ్గా రాదు.

11. ఆదివారం: గుడి, ఆపైన ఇల్లు

పొద్దున్నే తలస్నానం చేసి గుడికి వెళ్లండి. జోంకర్ వెనక వీధి జలాన్ తుకాంగ్ ఎమాస్‌లో శ్రీ పొయ్యాత వినాయగర్ ఆలయం ఉంది. 1781లో కట్టిన గుడి, మలేసియాలోని అతి పాత హిందూ ఆలయాల్లో ఒకటి. శతాబ్దాల కిందట తమిళ దేశం నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడి ఆడపిల్లల్ని పెళ్లాడి స్థిరపడిన వారి సంతతిని చెట్టి సమాజం అంటారు, దీన్ని కట్టించింది వాళ్లే. వాళ్ల ఇంటి భాష మలయ్, కొలిచేది మన దేవుళ్లను. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న మనం కాసేపు నిలబడి చూడాల్సిన చోటు అది. అదే వీధిలో 18వ శతాబ్దపు మసీదు, నాలుగడుగుల దూరంలో చెంగ్ హూన్ టెంగ్ అనే చైనీయుల గుడి ఉన్నాయి.

తొమ్మిదిన్నరకల్లా గది ఖాళీ చేసి బస్‌స్టాండుకు బయలుదేరండి. సంచిలో ఏమున్నాయో ఒకసారి చూసుకోండి. చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు సింగపూర్‌లోకి తేకూడదు. మలేసియా నుంచి వచ్చేవాళ్లకు మద్యంపై సుంకం మినహాయింపు లేదు, సిగరెట్లకు ఎక్కడి నుంచి వచ్చినా లేదు. బజారులో ఎవరో బహుమతిగా ఇచ్చిన ప్యాకెట్టయినా సరే, సుంకం కట్టవలసినవి ఉంటే కస్టమ్స్ వారి ఎరుపు మార్గంలోకి మీరే వెళ్లి చెప్పండి. అనాసపండు టార్టులు, తాటిబెల్లం నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.

మెలాకా కుదరకపోతే

*జొహోర్ బారు:* ఒక్క రాత్రే దొరికిన వాళ్లకు. ఉడ్‌ల్యాండ్స్ నుంచి టెబ్రావ్ షటిల్ రైలు అయిదు నిమిషాల్లో దింపుతుంది. వారాంతం టికెట్లు మాత్రం చాలా ముందే అయిపోతాయి. ఎండీఏసీ దీనికీ కావాలి.

*బాతామ్, బింతాన్:* సముద్రతీరం కావాలంటే ఇవి. బాతామ్‌కు హార్బర్‌ఫ్రంట్ నుంచి పడవలో గంట లోపే. కానీ ఇది ఇండోనేసియా, మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. చేరాక తీసుకునే వీసాకు మనిషికి 5 లక్షల రుపియాలు (ఇండోనేసియా కరెన్సీ, మన రూపాయలు కావు). నలుగురికి లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. అక్కడి గడియారం సింగపూర్ కంటే గంట వెనక. తిరుగు పడవ టికెట్ మీద ఉండేది అక్కడి సమయం. ఫోను ఇంకా సింగపూర్ సమయమే చూపిస్తుంటే లెక్క తప్పుతుంది, రేవులో దిగగానే సరిచూసుకోండి.

బయలుదేరే ముందు రాత్రి

ఇంట్లో ఒకరు చదవాలి, ఇంకొకరు వస్తువును చేత్తో పట్టుకుని చూపించాలి. పాస్‌పోర్టులు, పాస్ కార్డులు, ఒక్కొక్కరి ఎండీఏసీ నిర్ధారణ, పెద్దవాళ్లుంటే వాళ్ల పలుమార్ల వీసా, రానుపోను టికెట్లు, హోటల్ కాగితం, రింగిట్లు. బేకరీకి ఇంకో సందేశం పంపి కేకు మీద రాయాల్సిన పేరును అక్షరం అక్షరం సరిచూపించండి. మన పేర్లు అక్కడివాళ్లకు కొత్త. పేరును తెలుగులో రాయించాలనుకుంటే, మీ చేత్తో కాగితం మీద పెద్దగా రాసి ఫోటో తీసి పంపండి, దాన్ని చూసి దిద్దుతారు.